బోదె దాటిన గీత

ఇలా మంట దగ్గరికి జరుగమ్మా. ఆ తాటిమట్టలు ఇంకో రెండు వెయ్యి. రేపు భోగికి పెద్దమంట ఎలాగూ వేస్తాం, ఈ రాత్రికి ఇది చాలు. పొద్దున అడిగావే, పామర్రు ఎందుకు రిజర్వుడు సీటయింది, గుడివాడ ఎందుకు కాలేదు, ఆ గీతలు ఎవరు గీస్తారు తాతయ్యా అని. ఆ ముచ్చట పామర్రులో మొదలెడితే అర్థం కాదు. మనూరి బోదె గట్టు మీద మొదలెట్టాలి.

1970 పంచాయతీ ఎన్నికల నాటికి నాకింకా పాతికేళ్లు నిండలేదు. అప్పట్లో ప్రెసిడెంటును జనం నేరుగా ఎన్నుకునేవాళ్లు కాదు. గెలిచిన వార్డు మెంబర్లే కూర్చుని తమలో ఒకణ్ణి ప్రెసిడెంటు చేసేవాళ్లు. వార్డులు ఎవరివైతే ఊరు వాళ్లది. ఊరు బోదెకి అటు, మన మాలపల్లె ఇటు. ఇళ్లన్నీ ఒకేచోట, మధ్యలో చర్చి, చివర చెరువు. పల్లెనంతా ఒక వార్డు చేస్తే మెంబరు మనవాడే. తీరా వార్డుల జాబితా అంటించాక చూస్తే పల్లె మూడు ముక్కలైంది. తూర్పు వరస పెద్దిళ్ల వార్డులో పడింది. చర్చి వెనక ఇళ్లు బజారు వార్డులోకి పోయాయి. మిగిలినవాటిని బోదె దాటించి, కళ్లాలు దాటించి, అవతలి రైతుల వార్డులో కలిపారు.

మా నాన్నకి అక్షరం ముక్క రాదు. కానీ తాడు పట్టి పొలం గట్లు కొలిచిన మనిషి. జాబితా నాచేత చదివించుకుని, చింతబరికెతో నేలమీద ఒక్కో గీతా గీసుకున్నాడు. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుని, "బోదెలో నీళ్లు కూడా గట్టు దాటవురా, ఇది దాటింది" అన్నాడు. మన ఓటు ఎవరూ లాక్కోలేదమ్మా. పోలింగు రోజు పల్లె పల్లెంతా వెళ్లి వేసొచ్చాం. మూడు వార్డుల్లోనూ ఓడిపోయాం.

తర్వాత నేను బందరులో పంతులుగా ఉన్నప్పుడు ఒక పుస్తకంలో అమెరికా సంగతి చదివాను. అలబామా రాష్ట్రంలో టస్కేగీ అని ఒక పట్నం. నాలుగు పలకలుగా ఉండేది. నల్లవాళ్ల ఓట్లు పెరుగుతున్నాయని 1957లో ఆ రాష్ట్రం వాళ్లు చట్టం చేసి, పట్నం హద్దుని 28 పలకలుగా వంకర్లు తిప్పారు. 400 మంది నల్ల ఓటర్లలో నలుగురైదుగురు తప్ప అందరూ పట్నం బయట పడ్డారు. తెల్ల ఓటరు ఒక్కడూ పోలేదు. 1960లో అక్కడి సుప్రీంకోర్టు అది చెల్లదంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడి టస్కేగీ, ఎక్కడి మన బోదె! మనకి మాత్రం కోర్టుకెక్కాలన్న ఆలోచనే రాలేదు. వస్తే మాత్రం దారిఖర్చులెక్కడివి?

గీత ఒక్కటే చూస్తే చాలదు, లెక్క ఏ నాటిదో కూడా చూడాలి. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. వేలమంది పోయారు. మూడు నెలలు తిరిగాయో లేదో, 1978 ఫిబ్రవరిలో అసెంబ్లీ ఎన్నికలు. నాకు నాగాయలంక వైపు డ్యూటీ పడింది. ఓటర్ల లిస్టు ముందు పెట్టుకుని కూర్చున్నాను. కొన్నిచోట్ల ఇంటిపేరు మారేదాకా ఒక్క టిక్కూ పడలేదు. తండ్రి, తల్లి, కొడుకు, కోడలు, వరసగా ఖాళీ. సాయంత్రం డబ్బా సీలు వేస్తుంటే చేతులు వణికాయి. ఆ ఎన్నికలకి హద్దులు 1971 జనాభా లెక్కలతో గీసినవి. 1976లో రాజ్యాంగ సవరణ చేసి సీట్ల లెక్కని అక్కడే ఆపేశారు. అంటే ఉప్పెన ముందటి దివి లెక్కతోనే మరో ముప్పయ్యేళ్లు నడిచింది.

ఇప్పుడు నీ పామర్రు. జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ 2001 లెక్కలు తీసుకుని హద్దులు మార్చింది. 2009 ఎన్నికలు వాటితోనే జరిగాయి. నిడుమోలు, ముదినేపల్లి, మల్లేశ్వరం, ఉయ్యూరు సీట్లు పోయాయి. పెడన, పెనమలూరు, పామర్రు వచ్చాయి. ఎస్సీలు ఎక్కువగా ఉన్నచోట, అదీ రాష్ట్రమంతటా సర్దుతూ రిజర్వు చెయ్యాలని చట్టం. ఉమ్మడి రాష్ట్రం 294 సీట్లలో ఎస్సీలవి 39 ఉండేవి, 48 అయ్యాయి. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు పామర్రులో పడింది. అక్కడి ఇతర కులాల కుర్రాడు అసెంబ్లీకి నిలబడాలంటే పక్క నియోజకవర్గం వెతుక్కోవాలి. ఆ బాధ నిజమే, నేను కాదనను. ఒక సీటు ఏళ్లతరబడి అలాగే ఉండకుండా మారుతుండాలని నాకూ ఉంది. కానీ రిజర్వేషనే లేకపోతే ఏమవుతుందో బోదె గట్టు మీద చూసినవాణ్ణి.

ఇంకో ముడి కూడా ఉందమ్మా. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు ఎస్సీ కాడు. మన రాష్ట్రంలో అతను బీసీ-సి. మన పల్లెలో అన్నది ఒక లెక్క, చర్చిలో పేరు రాయించుకున్న తమ్ముడిది ఇంకో లెక్క. తాగేది ఒకే చెరువు నీళ్లు. ఎస్సీ సీటు ఎక్కడ పడాలో తేల్చేటప్పుడు తమ్ముడి ఇల్లు లెక్కలోకి రాదు.

2027లో మళ్లీ జనాభా లెక్కలంటున్నారు. ఆ తర్వాత మళ్లీ హద్దులు గీస్తారు. ముసాయిదా బయటపెట్టి, అభ్యంతరాలు తీసుకుని, బహిరంగంగా కూర్చుని వింటారు. ఆ పేపరు వచ్చిన రోజు నేనుంటే నాకు చదివి వినిపించు. లేకపోతే నువ్వే ఒక బరికె తీసుకుని, ఇక్కడే నేలమీద గీసి చూడు, మన పల్లె ఎన్ని ముక్కలైందో. ఆ మట్ట ఇటు తొయ్యి, మంట ఆరిపోతోంది.