పద్నాలుగు గుండ్ల దండ

ఏటవాలు మీద బరువును జారకుండా ఆపాలంటే ఎంత బలం కావాలి? 4వ శతాబ్దపు అలెగ్జాండ్రియా గణితవేత్త పాపస్ లెక్క కట్టాడు గానీ, తప్పింది. 13వ శతాబ్దంలో జోర్డానస్ పేరిట వచ్చిన గ్రంథంలో సరైన జవాబుంది. దాన్ని కళ్ళకు కట్టినవాడు మాత్రం సైమన్ స్టెవిన్.

1586లో లైడెన్‌లో అచ్చయిన తూనికశాస్త్ర గ్రంథంలో ఆయన ఒక త్రిభుజం గీశాడు. ఒక వాలు రెండోదానికి రెట్టింపు పొడవు. దాని చుట్టూ సమదూరంలో గుచ్చిన 14 గుండ్ల దండ వేశాడు: పొడుగు వాలు మీద 4, పొట్టి వాలు మీద 2, కింద వేలాడుతూ 8. దండ దానంతటదే కదిలిందనుకోండి. ఒక గుండు చోటికి ఇంకోటి వస్తుంది, అమరిక మారదు. ఇక ఎప్పటికీ తిరుగుతూనే ఉండాలి. అది జరిగే పనేనా? కాదు, కాబట్టి దండ కదలదు. కింది 8 గుండ్లు రెండు వైపులా సమానంగానే లాగుతాయి, వాటిని తీసేసినా తేడా రాదు. అంటే 4 గుండ్లను 2 గుండ్లు నిలబెట్టాయన్నమాట! ఒకే ఎత్తుకు వాలు ఎంత పొడుగైతే, వాలు వెంట లాగే బలం అంత తగ్గుతుంది. ఇవాళ బడిలో సైన్ పేరుతో చెప్పేది ఇదే.

పండితులంతా లాటిన్‌లో రాసే కాలంలో స్టెవిన్ ఇదంతా డచ్చిలో రాశాడు. శాస్త్రానికి తన భాష తగినదని అదే పుస్తకంలో వాదించాడు, లేని మాటలు కల్పించుకున్నాడు. మాతృభాషలో సైన్సు కుదరదనేవాళ్ళు ఆ దండను ఒకసారి చూడాలి.