వెస్టు వైద్యుని లేఖ

1841వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ‘లాన్సెట్’ అను ఆంగ్ల వైద్యపత్రికయందు ప్రకటితమైన యొక లేఖ, కెంటు మండలమందలి టన్‌బ్రిడ్జి పట్టణమున వైద్యవృత్తి నవలంబించియుండిన విలియం జేమ్స్ వెస్టు తన కన్నకొడుకు వ్యాధినిగూర్చి వ్రాసినది. ఆరోగ్యవంతుడై జనించి, నాలుగు మాసములవరకు చక్కగా పెరిగిన యా శిశువు అటుపిమ్మట తల నొకింత ముందునకు వంచుట మొదలిడగా, తండ్రి తొలుత దానిని బాల్యచేష్టగా దలచెను. క్రమముగా ఆ వంపు దేహమంతటికిని వ్యాపించి, శిరస్సు మోకాళ్లదెసకు వ్రాలుటయు, వెంటనే నిటారగుటయు, కొలది క్షణములకొకసారిగా పదినుండి యిరువది పర్యాయములు సంభవింపజొచ్చెను. జలగలు పట్టించిరి, శిరస్సునకు శీతలోపచారములు గావించిరి, చిగుళ్లు కోసిరి, నల్లమందు సైతము ప్రయోగించిరి, ఏదియు ఫలింపలేదు. పుత్రదుఃఖమును దిగమ్రింగి, చూచినది చూచినట్లు లిఖించి, తోడివైద్యుల సలహా నర్థించిన యా తండ్రి 1848లో గతించెను. బుద్ధివికాసమునకు నోచుకొనని కుమారుడు 1860లో ఎర్ల్స్‌వుడ్ శరణాలయమున మరణించెను.

ఆ ప్రార్థనకు సమాధానము చిరకాలమునకు గాని లభింపలేదు. 1952లో అమెరికాయందలి గిబ్స్ దంపతులు ఇట్టి శిశువుల మెదడు విద్యుత్తరంగములు ఉన్నతములై, క్రమరహితములై యుండుటను వర్ణించిరి. 1958లో బెల్జియము వైద్యుడు సొరెల్, ఏ.సి.టి.హెచ్. అను హార్మోనుచే ఈ మూర్ఛ లుపశమించుటను ప్రకటించెను.

ఈ శిశుమూర్ఛకు మూలకారణ మొక్కటి కాదు. ప్రసవకాలమున ప్రాణవాయువు కొరవడుట, నవజాతశిశువు రక్తమున చక్కెర క్షీణించుట, మెదడు నిర్మాణలోపములు, ట్యూబరస్ స్క్లిరోసిస్, జన్యువికారములు మున్నగు భిన్నహేతువులన్నియు, అపరిణతమైన శిశుమస్తిష్కమున ఒక్క రూపముననే వ్యక్తమగుచున్నవి. ఎంత వెదకినను కొందరియందు హేతువు గోచరింపదు. మన దేశమున తొలి రెండును విశేషముగా గానవచ్చుచున్నవి గనుక, సురక్షితమైన ప్రసవమును, పుట్టిన బిడ్డకు వెంటనే స్తన్యమిచ్చుటయు గొంతవరకు నివారణోపాయములే యగుచున్నవి.

ఫిన్లండు దేశమున ఈ వ్యాధి సోకిన 214 మంది బిడ్డలను ఇరువదినుండి ముప్పదియైదేండ్ల పర్యంతము గమనింపగా, సుమారు మూడవవంతు మృతినొందిరి. బ్రదికినవారిలో పెక్కుమందికి బుద్ధిమాంద్యమో, వేఱొక రీతి మూర్ఛయో సంభవించెను. అయినను, హేతువు కానరాక, అంతవఱకు చక్కగా పెరుగుచు, శీఘ్రముగా చికిత్స నొందిన శిశువులలో పలువురు కోలుకొనుచున్నారు. కావున ఏడాదిలోపు బిడ్డ, ముఖ్యముగా నిదురలేచినపుడు, వరుసగా ముందునకు వంగుచుండినచో, కడుపునొప్పియనియో, ఉలికిపాటనియో ఉపేక్షింపక, ఆ చేష్టను ఫోనున చిత్రించుకొని తక్షణమే శిశువైద్యుని దరికి గొనిపోవలెను. ఔషధము లభించిన యీ కాలమున, గుర్తించుటలోని జాప్యమే బిడ్డ భవిష్యత్తును హరించుచున్నది.