ఖనిజ నామములలో దీర్ఘ చిహ్నములు

విజయనగరం జిల్లాలో గరివిడి చేరువనున్న కోడూరు ఒక చిన్న గ్రామము. అయినను దాని పేరు భూవిజ్ఞాన గ్రంథములకెక్కినది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో పనిచేసిన లూయిస్ లీ ఫెర్మర్, అచటి మాంగనీసు గనులలో కానవచ్చిన ఒక శిలకు ‘కోడూరైట్’ అని నామకరణము గావించెను. భారతదేశపు మాంగనీసు నిక్షేపములను గూర్చి ఆయన రచించిన బృహద్గ్రంథము 1909లో వెలువడినది. పొటాష్ ఫెల్డ్‌స్పార్, స్పాండైట్ అను గార్నెట్, అపటైట్ అనునవి ఈ శిలలోని ప్రధాన ఖనిజములు.

కాని ఆంగ్ల లిపిలో ఈ పేరును వ్రాయునపుడు ఏ అక్షరముపైనను దీర్ఘ చిహ్నము లేదు. తెలుగు ఎరుగని చదువరి దానిని కొడురైట్ అని గాని, కొడూరైట్ అని గాని పలికినచో అతనిని తప్పుపట్టుట ఎట్లు? ఊరి పేరులోని రెండు దీర్ఘములును ప్రయాణములో జారిపోయినవి.

విచిత్రమేమనగా, అట్టి దీర్ఘములను నిలుపుటకు ఏర్పడిన పద్ధతులకు కలకత్తా నగరమే పుట్టినిల్లు. 1784లో ఇచట ఏషియాటిక్ సొసైటీని స్థాపించిన సర్ విలియం జోన్స్, ప్రాచ్య భాషా పదములను రోమను లిపిలో వ్రాయు విధమును వివరించుచు ఒక వ్యాసము రచించెను. అది 1788లో సొసైటీ సంపుటములలో మొదటిదానియందు ప్రకటింపబడినది. దీర్ఘాచ్చులపై ఏటవాలు గీతను ఉంచుట ఆయన పద్ధతి. తరువాతి కాలమున విలియం విల్సన్ హంటర్ దేశములోని ఊళ్ళ పేర్లకు ఈ మార్గమునే అనుసరించెను. 1881లో వెలువడిన ఇంపీరియల్ గెజిటీరులో ఏటవాలు గీతలు కలవు. 1907 మొదలు 1909 వరకు వచ్చిన కూర్పులో వాని స్థానమున అడ్డగీతలు చేరినవి. కలకత్తా, వైజాగపటం వంటి వాడుక రూపములను మాత్రము మార్చక విడిచిరి.

అయితే ఈ పద్ధతిలో తెలుగువారికి ఒక చిక్కు కలదు. సంస్కృతమున హ్రస్వములగు ఎ, ఒ లు లేవు. ఏ, ఓ లు ఎల్లప్పుడును దీర్ఘములే. కనుక వానిపై గుర్తు అనవసరమని తలచిరి. ఆ గెజిటీరులో గోదావరి పేరున ‘దా’ పై గీత కలదు, ‘గో’ పై లేదు. సంస్కృతమునకు ఇది చాలును, తెలుగునకు చాలదు. కృష్ణాతీరమున వజ్రములకు పేరుగాంచిన కొల్లూరును, మాంగనీసునకు పేరుగాంచిన కోడూరును ఈ విధముగా వ్రాసినచో మొదటి అక్షరమున భేదమే కానరాదు. తేలునకును తెలుగునకును మొదటి అక్షరము ఒక్కటే యని చెప్పినట్లగును!

ఈ లోపమును సరిదిద్దిన పద్ధతియు కోల్‌కతా పేరుతోనే ప్రసిద్ధి చెందినది. బెల్వెడేర్ భవనమున 1953లో ప్రజలకు ద్వారములు తెరచిన జాతీయ గ్రంథాలయము పేరిట వ్యాప్తిలోనున్న లిప్యంతరీకరణ పద్ధతిలో దీర్ఘములగు ఏ, ఓ లకు అడ్డగీతలు కలవు. 2001లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రమాణమును ఈ భేదమును పాటించినది.

ఖనిజ శాస్త్రజ్ఞులును ఇట్టి గుర్తులను చిన్నచూపు చూడలేదు. స్వీడనులోని ఒక గని పేరిట 1887లో నామకరణము పొందిన మాంగనీసు ఖనిజము లోంగ్‌బనైట్. ఆ పేరులోని ‘ఆ’ అక్షరముపై నున్న చిన్న సున్నను తొలగించినచో స్వీడను దేశస్థులు పలుకు ‘ఓ’ ధ్వని పోయి ‘లాంగ్‌బనైట్’ అగును. వ్యక్తుల పేర్లనుండియు, స్థలముల పేర్లనుండియు పుట్టిన ఖనిజ నామములలో మూలభాషలోని ఇట్టి గుర్తులను నిలుపవలెనని, అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘమునకు చెందిన నామకరణ సమితి పక్షమున 2008లో ఒక విధానము ప్రకటింపబడినది. కోడూరైట్ ఖనిజము కాదు, శిల. మరియు దాని మూలము రోమను లిపిలో లేదు. కావున ఆ విధానము దీనికి వర్తింపదు. దీని రక్షణభారము మూలభాష నెరిగినవారిదే.

ఆ భారము మనకు బరువైనది కాదు. హ్రస్వదీర్ఘములు మన గుణింతమునందే ఇమిడియున్నవి. పైన గీతలు గీయ పనిలేదు. ఆంగ్ల రూపమును చూచి తిరిగి తెలుగున వ్రాయునపుడు ఒక్కసారి ఊరి పేరు తలచుకొనిన చాలును. తమ ఇంటిపేరు కార్యాలయపు దస్త్రములలో ఒక తీరుగను, తోటి ఉద్యోగుల నోట వేరొక తీరుగను వినుచున్న ప్రవాసాంధ్రులకు ఒక దీర్ఘము విలువ వేరుగ చెప్పనక్కరలేదు. కోడూరు జనులు తమ ఊరిని ఎట్లు పిలుతురో, ఆ శిలను మనమును అట్లే పిలుచుట న్యాయము.