మందుకే విరుగుడు

పెనిసిలిన్ కథ చెప్పమంటే అందరూ 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గాజు పళ్లెంలో పట్టిన బూజు దగ్గరే మొదలుపెడతారు. ఆ బూజును మందుగా మార్చింది మాత్రం పదేళ్లు దాటాక ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్, హీట్లీల బృందం. యుద్ధకాలం, సామాన్లకు కటకట. బూజు పెంచడానికి హీట్లీ ఆసుపత్రి బెడ్‌పాన్లు కూడా వాడాడు. మందు బలం కొలిచే పద్ధతీ ఆయనదే: బ్యాక్టీరియా పరిచిన పళ్లెంలో చిన్న గొట్టం నిలబెట్టి, అందులో ద్రావణం పోసి, గొట్టం చుట్టూ ఎంతమేర బ్యాక్టీరియా మొలవలేదో కొలవడం.

అసలు సంగతి ఇక్కడుంది. అదే ప్రయోగశాలలో చెయిన్, ఎడ్వర్డ్ అబ్రహాం పెనిసిలిన్‌కు లొంగని ఈ-కోలై బ్యాక్టీరియాను నలగ్గొట్టి, ఆ రసాన్ని పెనిసిలిన్‌లో కలిపారు. మందు కాస్తా చచ్చుబడిపోయింది. రసంలోని ఎంజైముకు పెనిసిలినేజ్ అని పేరుపెట్టి, 1940 డిసెంబరులో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. అప్పటికి ఆక్స్‌ఫర్డ్ మందు ఒక్క రోగి ఒంట్లోకీ ఎక్కలేదు!

1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు ఎక్కించారు. రోజుల్లోనే తేరుకోసాగాడు. కానీ మందు నిండుకుంది. అతని మూత్రంలోంచి రాబట్టి మళ్లీ ఎక్కించినా చాల్లేదు. మార్చిలో చనిపోయాడు.

1945లో నోబెల్ ప్రసంగంలో ఫ్లెమింగ్ ఒక ఊహాకథ చెప్పాడు. గొంతునొప్పి వచ్చిన ఒకాయన తనే పెనిసిలిన్ కొనుక్కుని అరకొరగా వాడతాడు. చావని క్రిములు రాటుదేలి భార్యకు సోకుతాయి. ఆమెకు మందు పనిచేయదు, ప్రాణం పోతుంది. కథకు లెక్కలు తోడవడానికి ఎంతో కాలం పట్టలేదు. లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రిలో మేరీ బార్బర్ పరీక్షించిన స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా నమూనాల్లో మందుకు లొంగనివి 1946లో 14 శాతం, 1948కల్లా 59 శాతం. లొంగేవాటిని మందే ఏరేసి, ఎంజైమున్న వాటికి చోటు ఖాళీ చేసిపెట్టింది.

ఫ్లెమింగ్ చెప్పిన అరకొర వాడకం మన దగ్గర ఇప్పటికీ నడుస్తోంది. జలుబు తెచ్చే వైరస్‌ను సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ ఏమీ చేయలేదు. అయినా "ఏదైనా యాంటీబయాటిక్ ఇవ్వన్నా" అంటే మన మెడికల్ షాపుల్లో స్ట్రిప్పులోంచి రెండు మాత్రలు కత్తిరించి ఇచ్చేస్తారు. 2014 నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 అనే మందుల అమ్మకం నిబంధన ప్రకారం సెఫిక్సిమ్‌ను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. రెండు మాత్రల బేరానికి ఆ రిజిస్టరు తెరిచిన షాపు మాత్రం నాకింతవరకూ తగల్లేదు.