హెచ్‌పీవీ: కణానికి అందే ‘విభజించు’ కబురును ఆగనివ్వని వైరస్

తెలుగులో పులిపిరి అన్నా, ఉర్దూలో మస్సా అన్నా ఒకటే. చర్మం మీద ఒక చోట కణాలు అవసరానికి మించి పెరగడం. దీనికి కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ. ఇందులో 200కు పైగా రకాలున్నాయి. చాలా రకాలు పులిపిర్లతో సరిపెడతాయి, లేదా ఏ లక్షణమూ లేకుండానే పోతాయి. 16, 18 వంటి కొన్ని రకాలు మాత్రం ఏళ్ల తరబడి ఒంట్లో ఉండిపోతే మహిళల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు, మగవాళ్లలో, ఆడవాళ్లలో గొంతు క్యాన్సర్‌కు దారితీస్తాయి. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1.27 లక్షల మంది మహిళలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది. దాదాపు 80 వేల మంది చనిపోయారు.

ఇంత చిన్న వైరస్ కణాన్ని ఎలా లొంగదీసుకుంటుంది? అది చేసే మొదటి పనుల్లో ఒకటి కణం పైన ఉండే గ్రోత్ ఫ్యాక్టర్ రిసెప్టర్ల దగ్గర జరుగుతుంది.

కణానికి కబురు ఎలా అందుతుంది?

చర్మం పై పొరలో ఎక్కువ భాగం కెరటినోసైట్లు అనే కణాలే. వీటిలో అడుగు వరుసలో ఉన్నవే ముఖ్యంగా విభజన చెందుతాయి. పైకి జరిగేకొద్దీ విభజన ఆగిపోతుంది. కణాలు గట్టిపడి, చివరికి పొట్టులా రాలిపోతాయి.

ఎప్పుడు విభజించాలనేది చాలావరకు బయటి నుంచి వచ్చే కబురు మీద ఆధారపడి ఉంటుంది. అలా కబురు తెచ్చే ప్రొటీన్లలో ముఖ్యమైనది ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్, క్లుప్తంగా ఈజీఎఫ్. దీన్ని కనిపెట్టిన స్టాన్లీ కోహెన్ 1986లో రీటా లెవీ మోంటాల్చినీతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. కణం పైన ఈజీఎఫ్‌ను అందుకునే ప్రొటీన్‌ను ఈజీఎఫ్ రిసెప్టర్ అంటారు. ఈజీఎఫ్ వచ్చి తగలగానే రిసెప్టర్లు రెండేసి జతకడతాయి. అక్కడి నుంచి సంకేతం ఒక ప్రొటీన్ నుంచి మరో ప్రొటీన్‌కు అందుతూ కేంద్రకం దాకా వెళ్తుంది.

పని అయ్యాక కణం ఆ రిసెప్టర్‌ను చిన్న సంచిలో పెట్టి లోపలికి లాక్కుంటుంది. ఆ సంచిలో ఆమ్లం పెరుగుతుంది. తర్వాత కొన్ని రిసెప్టర్లు తిరిగి పైకి వస్తాయి, చాలా వాటిని కణం అరిగించేస్తుంది. వాడేసిన బస్సు టికెట్‌ను చించేసినట్టే ఇది. చించకపోతే అదే టికెట్‌తో మళ్లీ మళ్లీ ఎక్కొచ్చు.

ఈ5 చేసే పని

ఆ టికెట్‌ను చించనివ్వనిది హెచ్‌పీవీ ప్రొటీన్లలో ఒకటైన ఈ5. హెచ్‌పీవీ 16లో దీని పొడవు 83 అమైనో ఆమ్లాలు మాత్రమే. ఇది కణం లోపలి పొరల్లో ఇరుక్కుని ఉంటుంది. 1993లో అమెరికా శాస్త్రవేత్తలు మనిషి కెరటినోసైట్లలో దీన్ని పరీక్షించారు. ఈ5 ఉన్న కణాల్లో రిసెప్టర్లు అరగడం తగ్గింది, ఎక్కువ సంఖ్యలో తిరిగి పైకి వచ్చాయి. సంచుల్లో ఆమ్లం పెరగడం మందగిస్తోందని 1995లో అదే బృందం చూపించింది. సంచులు ఒకదానితో ఒకటి సరిగా కలవకపోవడమే అసలు కారణమని తర్వాత మరికొందరు వాదించారు. రెండు వాదనల్లోనూ ఫలితం ఒకటే. ఈజీఎఫ్ కొద్దిగా ఉన్నా కణానికి ‘విభజించు’ అన్న కబురు ఎక్కువసేపు అందుతూనే ఉంటుంది.

అన్ని పాపిలోమా వైరస్‌లూ ఇలాగే చేయవు. పశువులకు వచ్చే ఒక రకంలో ఈ5 పొడవు 44 అమైనో ఆమ్లాలే. అది పీడీజీఎఫ్ అనే వేరే రిసెప్టర్‌కు నేరుగా అతుక్కుని, కబురు రాకుండానే దాన్ని ఆన్ చేస్తుంది. మనుషుల చర్మంపై కనిపించే 5, 8 వంటి బీటా రకాలకైతే ఈ5 జన్యువే లేదు.

వైరస్‌కు ఇదంతా ఎందుకు? తన డీఎన్ఏను కాపీ చేసుకునే యంత్రాంగం దానికి సొంతంగా లేదు, కణానిదే వాడుకోవాలి. పై వరుసల్లో కణం ఆ యంత్రాంగాన్ని ఆపేస్తుంది. అది నడుస్తూ ఉంటేనే వైరస్‌కు బతుకు.

ఈ6, ఈ7 తోడైతే

ఈ7 ప్రొటీన్ విభజనకు బ్రేకులా ఉండే ఆర్‌బీని పనిచేయనివ్వదు. దెబ్బతిన్న కణాన్ని ఆపే పీ53ని ఈ6 నాశనం చేయిస్తుంది. చాలా క్యాన్సర్లలో వైరస్ డీఎన్ఏ తెగి మనిషి డీఎన్ఏలో అతుక్కుంటుంది. అప్పుడు ఈ5 తరచుగా పోతుంది, ఈ6, ఈ7 మిగులుతాయి. అందుకే ఈ5 పాత్ర ఎక్కువగా తొలి దశలోనే ఉంటుందని భావిస్తారు.

మరి ఈజీఎఫ్ రిసెప్టర్‌ను అడ్డుకుంటే చాలదా? సెటుక్సిమాబ్ అనే మందు చేసేది ఆ పనే. హెచ్‌పీవీ వల్ల వచ్చిన గొంతు క్యాన్సర్‌లో రేడియేషన్‌తో పాటు ఈ మందు ఇచ్చి చూశారు. పాత మందు సిస్‌ప్లాటిన్ తీసుకున్నవారే ఎక్కువ కాలం బతికారని 2018లో వెలువడిన రెండు పెద్ద పరీక్షలు తేల్చాయి.

కుటుంబాలు గుర్తుంచుకోవాల్సినవి

టీకాలో ఉండేది వైరస్ పై తొడుగు ప్రొటీన్ ఎల్1 మాత్రమే. ఈ5, ఈ6, ఈ7 ఉండవు, వైరస్ డీఎన్ఏ ఉండదు. కాబట్టి టీకా వల్ల ఇన్ఫెక్షన్ రాదు. అలాగే ఇప్పటికే కణంలో చేరిన వైరస్‌ను టీకా తొలగించలేదు. అందుకే 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ముందుగానే వేయించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ టీకాకు 2022లో అనుమతి వచ్చింది.

30 ఏళ్లు దాటిన మహిళలు 5 నుంచి 10 ఏళ్లకోసారి హెచ్‌పీవీ పరీక్ష చేయించుకోవాలని ఆ సంస్థ సూచన. ఇన్ఫెక్షన్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లకు పైనే పడుతుంది. ముందే తెలిస్తే చికిత్సకు సమయం ఉంటుంది.

పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన క్యాన్సర్ ఉన్నట్టు కాదు. ఎక్కువ మందిలో ఒకటి రెండేళ్లలో వైరస్ దానంతటదే పోతుంది. ఇది ముఖ్యంగా లైంగిక సంబంధం ద్వారా సోకుతుంది కానీ, ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదు. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఆ రిపోర్టు చెప్పలేదు. దాన్ని పట్టుకుని భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించడానికి ఆధారం లేదు. రిపోర్టు తీసుకుని గైనకాలజిస్టు దగ్గరకు వెళ్లడమే చేయాల్సిన పని.