చోడి అంబలి నుంచి కోటా బియ్యం దాకా

మన తాతలు ఏం తిన్నారన్నది వంటింటి ముచ్చట ఒక్కటే కాదు, మన చరిత్ర కూడా. రంపచోడవరం, మారేడుమిల్లి కొండల్లో కొండరెడ్లు, కోయలు పోడు కొట్టి చోళ్లు, సామలు, కొర్రలు, జొన్నలు, కందులు పండించుకున్నారు. జీలుగు చెట్టు కల్లు ఇచ్చింది. గింజలు చాలని రోజుల్లో దాని మానులోని పిండి కడుపు నింపింది. మామిడి టెంకలోని జీడిని నీళ్లలో బాగా కడిగి, వగరు పోగొట్టి అంబలి కాచుకున్నారు.

ఈ బతుకు మీద మొదటి దెబ్బ సర్కారు చట్టాలది. 1879 రంప తిరుగుబాటుకు కల్లు మీద వేసిన పన్ను ఒక ముఖ్య కారణం. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు మీద ఆంక్షలు బిగిశాయి. దిగువన కథ వేరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టా అంతా వరి పొలమైంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం కొండకూ ఎక్కింది. ఆ బియ్యం ఆకలి తీర్చింది, దాన్ని తక్కువ చేయలేం. కానీ రానురాను చాలా ఇళ్లలో మూడు పూటలా అదే మిగిలింది.

తేడా ఎక్కడుంది? బియ్యం పాలిష్ పడితే తవుడుతో పాటు పీచు పోతుంది. మిగిలిన పిండిపదార్థం త్వరగా అరిగి గ్లూకోజుగా రక్తంలో చేరుతుంది. చోళ్ల పై పొరలో పీచూ, పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలూ ఉంటాయి. పిండిని చక్కెరగా విడగొట్టే ఎంజైముల పనిని అవి కొంత నెమ్మది చేస్తాయి. అలాగని కుండల కొద్దీ అంబలి తాగితే షుగర్ పెరగక మానదు. చోళ్లలోనూ ఎక్కువగా ఉన్నది పిండిపదార్థమే.

పొడపత్రి సంగతీ చూద్దాం. ఆ ఆకు నమిలి పంచదార నోట్లో వేసుకుంటే ఇసుకలా ఉంటుంది. ఉదకమండలంలో పనిచేసిన డేవిడ్ హూపర్ ఆ ఆకును పరీక్షించి, 1887లో తన ఫలితాలు ప్రచురించాడు. అందులోని పదార్థాన్ని జిమ్నెమిక్ ఆమ్లం అంటారు. అయితే నాలుక మీద తీపి పోయినంత మాత్రాన రక్తంలో చక్కెర పోయినట్టు కాదు.

ఐరోపాలో గలేగా అనే మొక్క ఉంది. దానిలోని పదార్థం చక్కెర తగ్గించేది, కానీ విషం. దాని బాటలోనే మెట్‌ఫార్మిన్ తయారైంది. 1957లో ఫ్రెంచి వైద్యుడు ఝాన్ స్టెర్న్ దాన్ని రోగులకిచ్చి ఫలితాలు ప్రకటించాడు. ఇవాళ ఆసుపత్రుల్లో ఎక్కువమందికి ముందుగా ఇచ్చే షుగర్ బిళ్ల అదే. మొక్క మందు కావాలంటే మోతాదు తెలియాలి, హానీ తెలియాలి. అందుకే పసరు దొరికిందని బిళ్లలు మానమని మన పెద్దలకు ఎవరూ చెప్పకూడదు. రక్తపరీక్షకు తీసుకెళ్లాలి. వాడే ఆకు పేరు డాక్టరుకు చెప్పాలి.

2023లో మన రాష్ట్ర బడుల్లో పిల్లలకు రాగిజావ మొదలైంది. ఉపాధ్యాయులారా, అది గ్లాసులో పోసేటప్పుడు దాని పేరు మన ఇళ్లలో చోడి అంబలి అని పిల్లలకు చెప్పండి. యువకులారా, ఊళ్లో ఇంకా చోళ్ల విత్తనం దాచిన అవ్వ ఎవరో కనుక్కోండి. ఆమె చెప్పింది రాసుకోండి, పిడికెడు విత్తనం అడిగి తెచ్చి చల్లండి.