శ్రీకూర్మంలో తాబేలు: ఆరాధన, సంరక్షణ

ఆఫ్రికా పచ్చికబయళ్లలో మార్గదర్శి వెంట వాహనంలో సాగే వన్యప్రాణి వీక్షణకు ‘సఫారీ’ అని పేరు. స్వాహిలీ భాషలో ఆ మాటకు ప్రయాణమని అర్థం. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మానికి సాగే యాత్రలోనూ ఒక వన్యప్రాణి దర్శనం ఉంది. కూర్మనాథస్వామిని సేవించిన భక్తులు ఆలయ ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్లను చూస్తారు.

ఈ రెండు దర్శనాల చరిత్రలను వేరువేరుగా పరిశీలించవలసి ఉంది. స్వామి ఆరాధనకు ఆలయ శాసనాలే సాక్ష్యం. వాటిలో నరహరితీర్థుల శాసనం క్రీ.శ. 1281 నాటిది. అఖండదీపాలకు ఇచ్చిన దానాలు ఈ శాసనాలలో విరివిగా కనిపిస్తాయి. అయితే దైవరూపానికి జరిగిన పూజను బట్టి సజీవ ప్రాణికి రక్షణ లభించిందని నిర్ణయించడం యుక్తం కాదు.

నక్షత్ర తాబేలు గడ్డి, ఆకులు మేసి బతికే నేలతాబేలు. పెంపకం కోసం సాగే అక్రమ వ్యాపారం దానికి పెద్ద ముప్పు. అందువల్ల 2019లో ‘సైటిస్’ అంతర్జాతీయ ఒప్పందం దానిని మొదటి అనుబంధంలో చేర్చింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నాలుగవ షెడ్యూలులో ఉంచిన ఈ జీవిని 2022 సవరణ మొదటి షెడ్యూలుకు మార్చింది.

సఫారీలో జంతువు స్వేచ్ఛగా తిరుగుతుంది, మనిషి వాహనానికి పరిమితమవుతాడు. ఆలయంలో ఈ స్థితి తారుమారవుతుంది. భక్తి తాబేలుకు గౌరవాన్ని ఇచ్చింది. దాని సహజ ఆవాసాన్ని నిలపడం చట్టానికీ సమాజానికీ మిగిలిన బాధ్యత.